మందు మన్నులో నిలుస్తుందా, నీటిలో కలుస్తుందా?

పొలంలో చల్లిన రసాయనం నేల మీద పడిన క్షణం నుంచి దాని ముందు మూడు దారులుంటాయి. మట్టి రేణువులను అంటిపెట్టుకుని అక్కడే నిలిచిపోవడం మొదటిది. వాన నీటిలో కరిగి కిందికి దిగి బావుల్లో, బోర్లలో చేరడం రెండోది. సూక్ష్మజీవుల వల్లనో ఎండ వల్లనో విచ్ఛిన్నమై, లేదా ఆవిరై, ఆ చోటు నుంచి తొలగిపోవడం మూడోది. ఏ రసాయనం ఏ దారిలో ఎంత మేరకు పోతుందన్నది వాన, వేడి, వాలు, పంట వంటి అనేక విషయాల మీద ఆధారపడి ఉన్నా, వాటన్నిటికంటే ముందు తేలవలసినది మట్టికీ ఆ రసాయనానికీ మధ్య ఉన్న పట్టు ఎంత అన్న సంగతి. మట్టిని అంటి ఉన్న భాగం నీటితో పాటు కదలదు, సూక్ష్మజీవులకూ మొక్కల వేళ్లకూ సులభంగా అందదు. నీటిలో మిగిలిన భాగమే కలుపును చంపుతుంది, వేళ్ల గుండా మొక్కలోకి ఎక్కుతుంది, అదే భాగం భూగర్భజలాన్నీ చేరుతుంది. ఈ పట్టును అంకెల్లో కొలవడానికి శాస్త్రజ్ఞులు రూపొందించుకున్న పద్ధతి ఖరీదైన యంత్రాలతో మొదలయ్యేది కాదు; ఒక సీసా, పిడికెడు మట్టి, కొంత నీరు, కొలిచిన మోతాదులో మందు, చివర్లో ఒక రసాయన విశ్లేషణ అందులోని ప్రధాన సామగ్రి.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రైతులకు ఈ కొలతతో ప్రత్యేకమైన అవసరం ఉంది. ఇక్కడి నేలల్లో అధిక భాగం తూర్పు కనుమల్లోని ఖొండలైటు, చార్నొకైటు శిలలు యుగాల తరబడి శిథిలమై ఏర్పడిన ఎర్ర నేలలు; వాటి పక్కనే నాగావళి, వంశధార, చంపావతి నదులు పేర్చిన ఒండ్రు నేలలు, సముద్రం వెంబడి ఇసుక నేలలు ఉన్నాయి. పల్లంలో వరి, గరువులో చోడి, వేరుశనగ, నువ్వు, గోగు, మొక్కజొన్న, తీరాన కొబ్బరి, జీడిమామిడి పండే ఈ ప్రాంతంలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, అందులో పెద్ద భాగం జూన్ నుంచి అక్టోబరు లోపు కొద్ది వారాల్లోనే పడుతుంది, దానికి తోడు తుపానులు వస్తాయి. నీటిని వేగంగా దించే తేలిక నేల, ఒక్కసారిగా కురిసే వాన, తక్కువ లోతులో దొరికే బావినీరు కలిసిన చోట, చల్లిన మందును మట్టి ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది పంటకు సంబంధించిన ప్రశ్నగానే మిగలదు, తాగునీటి ప్రశ్న కూడా అవుతుంది.

ఉద్దానం ముందుంచిన ప్రశ్న

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన ఉద్దానంలో, మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలు లేకుండానే మూత్రపిండాలు క్రమంగా దెబ్బతినే వ్యాధి పెద్ద సంఖ్యలో కనిపిస్తున్నట్టు 1990ల నుంచి వైద్యులు గుర్తిస్తూ వచ్చారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటి వ్యాధే ఉండటం వల్ల ఉద్దానం పేరు ప్రపంచ వైద్య పరిశోధనలోకి ఎక్కింది. ఎండలో గంటల తరబడి కష్టపడటం వల్ల శరీరంలో నీరు తగ్గిపోవడం, భూగర్భజలంలోని ఖనిజాలు, లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రల అతివాడకం, వంశపారంపర్య లక్షణాలు అనుమానితాల జాబితాలో ఉన్నాయి. ఇదే కారణమని ఏ ఒక్కదాన్నీ ఇప్పటికీ నిర్ధారించలేదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నదీజలం తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకాన్నీ, పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రాన్నీ రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరు 14న ప్రారంభించింది.

పురుగుమందులే ఉద్దానం వ్యాధికి కారణమని చెప్పడానికి ఆధారం లేదు, కారణం కాదని కొట్టివేయడానికి కావలసిన పరిశీలన కూడా పూర్తి కాలేదు. అయితే జీడిమామిడి పూత మీద టీ దోమను అదుపు చేయడానికి చల్లే మందు గాని, కొబ్బరిలో నల్లతల గొంగళిపురుగు కోసం వేరు ద్వారా ఎక్కించే మందు గాని, మొక్కజొన్న విత్తిన వెంటనే నేల మీద పిచికారీ చేసే కలుపు మందు గాని తాగే నీటిని చేరగలదా లేదా అని ఎవరు తేల్చాలన్నా, ఆ మందును అక్కడి మట్టి ఎంత పట్టుకుంటుందో ముందుగా తెలియాలి. అది తెలియకుండా వేసే ప్రతి అంచనా ఊహ స్థాయిని దాటదు. వైద్యులు వెతికే జవాబులో మట్టి శాస్త్రానికి ఉన్న భాగం ఇదే.

పట్టు ఎక్కడిది?

ఒక పదార్థం వేరొక పదార్థపు ఉపరితలాన్ని అంటుకుని నిలవడాన్ని అధిశోషణం అంటారు, పదార్థం లోపలికి ఇంకిపోవడాన్ని శోషణం అంటారు. మట్టిలో ఈ రెండూ కలిసే జరుగుతాయి కనుక రెంటినీ కలిపి గ్రహణం అని వ్యవహరించడం సౌకర్యం. అంటుకున్న పదార్థం తిరిగి నీటిలోకి విడుదల కావడం దీనికి వ్యతిరేక ప్రక్రియ; చాలా రసాయనాల విషయంలో అంటుకోవడం త్వరగా జరుగుతుంది, వదలడం నెమ్మదిగా, అసంపూర్తిగా జరుగుతుంది.

మట్టికి ఈ శక్తి ఉందన్న సంగతి ఎరువుల పరిశోధనలో బయటపడింది. ఇంగ్లండులో హెచ్.ఎస్.థాంప్సన్ అనే భూస్వామి, జె.థామస్ వే అనే రసాయన శాస్త్రవేత్త అమ్మోనియం లవణాలను మట్టి గుండా వడగట్టి, కిందికి దిగిన నీటిలో అమ్మోనియా లేకపోవడం, దానికి బదులు కాల్షియం ఉండటం గమనించి 1850లో తమ పరిశీలనలను ప్రచురించారు. మట్టి తన వద్ద ఉన్న ఒక విద్యుదావేశిత కణాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకుంటుందన్న ఈ విషయమే నేటి అయాన్ల వినిమయ శాస్త్రానికి పునాది అయింది. ఎరువు వేసిన మరుసటి వానకే పోషకాలన్నీ కొట్టుకుపోకుండా పంటకు అందడానికి కారణమైన గుణమే, తర్వాతి శతాబ్దంలో పురుగుమందుల కాలం వచ్చేసరికి, వాటి గమనాన్ని నిర్ణయించే గుణంగా మారింది.

మట్టిలో పట్టు ఉన్న భాగాలు ముఖ్యంగా మూడు. మొదటిది సేంద్రియ పదార్థం, అంటే కుళ్లిన ఆకులు, వేళ్లు, పేడ, సూక్ష్మజీవుల అవశేషాలు కలిసి ఏర్పడిన నల్లని ద్రవ్యం. నీటిలో సరిగా కరగని, నూనెలో కరిగే స్వభావమున్న రసాయనాలు నీటిని వదిలి దీనిలోకి చేరతాయి. రెండోది బంకమన్ను రేణువులు. వీటి ఉపరితలం మీద రుణావేశం ఉండటం వల్ల ధనావేశం గల పదార్థాలను అవి గట్టిగా ఆకర్షిస్తాయి. మూడోది ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు. ఉత్తరాంధ్ర నేలలకు ఎర్రదనాన్నిచ్చే ఈ ఆక్సైడ్లు ఫాస్ఫేటు వంటి పదార్థాలతో రసాయన బంధమే ఏర్పరచుకుంటాయి. ఇసుక రేణువులకు ఈ మూడు శక్తుల్లో ఏదీ చెప్పుకోదగినంత లేదు. అందువల్ల మట్టి ఎంత బరువుంది, ఎంత లోతుంది అన్నదానికంటే, అందులో ఈ మూడు భాగాలు ఏ పాళ్లలో ఉన్నాయన్నదే పట్టును నిర్ణయిస్తుంది.

సీసాలో జరిగే పరీక్ష

ఈ పట్టును కొలవడానికి నేడు ప్రపంచమంతటా ఆధారంగా తీసుకునే పద్ధతిని ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ, అంటే ఓఈసీడీ, 106వ మార్గదర్శిగా ప్రకటించి 2000లో సవరించింది. పొలం నుంచి తెచ్చిన మట్టిని నీడలో ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, అందులోని సేంద్రియ కర్బనం, బంకమన్ను శాతం, ఉదజని సూచిక, అయాన్ల వినిమయ సామర్థ్యం ముందుగా కొలిచి పెట్టుకుంటారు. తూచిన మట్టిని సీసాలో పోసి, స్వల్ప గాఢతలో కాల్షియం క్లోరైడు కలిపిన నీటిని చేరుస్తారు. మట్టిలో సహజంగా ఉండే తేమకు దగ్గరి గుణం తేవడానికీ, సన్నని బంకమన్ను రేణువులు నీటిలో తేలిపోకుండా అడుగుకు చేరడానికీ ఆ లవణం ఉపయోగపడుతుంది. దానికి తెలిసిన మోతాదులో రసాయనం చేర్చి, వెలుతురు తగలకుండా, స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద గంటల తరబడి కుదుపుతారు. నీటిలోని మందు గాఢత ఇక తగ్గకుండా నిలిచిపోయిన స్థితిని సమతాస్థితి అంటారు. అప్పుడు సీసాను వేగంగా తిప్పి మట్టిని వేరు చేసి, పైనున్న తేట నీటిలో మిగిలిన మందును విశ్లేషిస్తే, మొదట వేసినదానికీ ఇప్పుడు మిగిలినదానికీ ఉన్న తేడా మట్టిని అంటుకున్నదని లెక్క.

ఇక్కడ నిపుణులు ఎంతో జాగ్రత్త వహించే చోటు ఒకటి ఉంది. నీటిలో మందు తగ్గిందంటే అది మట్టికే పట్టిందని నమ్మరాదు. అది సీసా గోడకు అంటుకుని ఉండవచ్చు, ఆవిరై ఉండవచ్చు, సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేసి ఉండవచ్చు. అందుకే మట్టి లేకుండా మందు మాత్రమే ఉన్న సీసాను, మందు లేకుండా మట్టి మాత్రమే ఉన్న సీసాను పక్కన ఉంచి పోలుస్తారు, మట్టి నుంచి కూడా మందును ద్రావకంతో రాబట్టి, వేసిన మొత్తానికీ దొరికిన మొత్తానికీ పద్దు సరిపోయిందో లేదో చూస్తారు. ఈ పద్దు కుదరని పరీక్షలో వచ్చిన అంకె, మట్టికి లేని పట్టును ఉన్నట్టు చూపించి, భూగర్భజలానికి ఉన్న ముప్పును కప్పిపుచ్చుతుంది.

అంకె ఏం చెబుతుంది?

ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటే లెక్క సులభంగా తెలుస్తుంది. 10 గ్రాముల మట్టిలో, లీటరుకు 1 మిల్లీగ్రాము మందు ఉన్న నీటిని 50 మిల్లీలీటర్లు పోసి కుదిపిన తర్వాత, నీటిలో లీటరుకు 0.5 మిల్లీగ్రాములే మిగిలాయనుకోవచ్చు. తగ్గిన సగం, అంటే 0.025 మిల్లీగ్రాములు, 10 గ్రాముల మట్టికి పట్టాయి; కిలో మట్టికి లెక్కిస్తే అది 2.5 మిల్లీగ్రాములు. మట్టికి పట్టిన 2.5ను నీటిలో మిగిలిన 0.5తో భాగిస్తే 5 వస్తుంది. కిలోకు ఇన్ని లీటర్లు అనే ప్రమాణంలో చెప్పే ఈ అంకెను పంపిణీ గుణకం అంటారు. గుణకం పెద్దదైతే మందు మట్టి వైపు, చిన్నదైతే నీటి వైపు మొగ్గుతున్నదని అర్థం.

పంపిణీ గుణకం మట్టి మట్టికీ మారుతుంది. అయితే విద్యుదావేశం లేని చాలా సేంద్రియ రసాయనాల విషయంలో ఈ మార్పు ప్రధానంగా సేంద్రియ కర్బనాన్ని అనుసరించే జరుగుతుందని 20వ శతాబ్దం ద్వితీయార్ధపు పరిశోధనలు నిరూపించాయి. కాబట్టి పంపిణీ గుణకాన్ని మట్టిలోని సేంద్రియ కర్బన భాగంతో భాగిస్తే, మట్టి మారినా పెద్దగా మారని అంకె ఒకటి దొరుకుతుంది. అది సేంద్రియ కర్బన గుణకం. పై ఉదాహరణలోని మట్టిలో కర్బనం 0.5 శాతం ఉంటే ఆ గుణకం 1,000 అవుతుంది. అదే మందును 2 శాతం కర్బనమున్న మట్టిలో వేస్తే పంపిణీ గుణకం 20కి పెరుగుతుందని, మళ్లీ పరీక్ష చేయకుండానే అంచనా వేయవచ్చు. డీడీటీకి ఈ గుణకం లక్షల్లో, క్లోరోపైరిఫాస్‌కు కొన్ని వేలల్లో, అట్రజిన్‌కు 100 ప్రాంతంలో, మోనోక్రోటోఫాస్‌కు పదుల్లో ఉంటుంది.

గాఢత పెరిగేకొద్దీ మట్టి పట్టు ఎలా మారుతుందన్నది మరో ముఖ్యమైన కొలత. ఒకే మట్టిలో మందును పలచగా మొదలుపెట్టి వంద రెట్ల వరకు గాఢత పెంచుతూ పరీక్షించి, వచ్చిన అంకెలతో ఒక రేఖ గీస్తారు. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాయిండ్లిక్ పేరుతో ఉన్న సమీకరణం ఈ రేఖను వర్ణిస్తుంది. చాలా సందర్భాల్లో ఆ రేఖ పైకి పోయేకొద్దీ వంగుతుంది, అంటే బలమైన పట్టున్న చోట్లు ముందుగా నిండిపోయి, తర్వాత వచ్చిన మందుకు పట్టు దొరకక అది నీటిలోనే ఉండిపోతుంది. రైతుకు దీని నుంచి నేరుగా అందే పాఠం ఉంది: పొలమంతా పలచగా పడిన మందును అదుపు చేయగల మట్టి, మందు కలిపే చోట, పిచికారీ యంత్రాన్ని కడిగే చోట, ఖాళీ డబ్బాలు పారేసే చోట చిక్కగా పడిన మందును అదే పాళ్లలో ఆపలేదు. ఆ పనులు బావి గట్టున, బోరు పక్కన చేయకూడదనడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

ఒకే మందు, వేర్వేరు నేలలు

ఉత్తరాంధ్ర జిల్లాల్లో మొక్కజొన్న ముఖ్యమైన పంటగా ఎదిగింది. విత్తిన ఒకటి రెండు రోజుల్లో కలుపు మొలవకుండా నేల మీద చల్లే అట్రజిన్‌ను తేలిక నేలల్లో తక్కువగా, బరువు నేలల్లో ఎక్కువగా వాడాలని వ్యవసాయ శాఖ చెబుతుంది. ఈ సూచన వెనక ఉన్నది మట్టి పట్టే. బరువు నేల మందులో కొంత భాగాన్ని పట్టి ఉంచుకుంటుంది కనుక కలుపు విత్తనాన్ని తాకే భాగం తగ్గుతుంది, దాన్ని సరిచేయడానికి మోతాదు పెంచాలి; తేలిక నేలలో అదే మోతాదు వేస్తే పంటకూ దెబ్బే, కిందికి దిగేదీ ఎక్కువే. పట్టు గురించిన శాస్త్రం రైతు చేతిలోని మందు పొట్లం మీద ఈ రూపంలో ఎప్పటి నుంచో ఉంది.

నీటికంటే మందు ఎంత వెనకబడి నడుస్తుందో పంపిణీ గుణకం నుంచి లెక్కించవచ్చు. గుణకాన్ని మట్టి సాంద్రతతో హెచ్చించి, మట్టిలో నీరు ఆక్రమించిన భాగంతో భాగించి, ఒకటి కలిపితే వచ్చే అంకెను మందగింపు గుణకం అంటారు. మట్టి సాంద్రత లీటరుకు 1.5 కిలోలు, నీటి భాగం 30 శాతం అని తీసుకుని అట్రజిన్‌కు లెక్క వేస్తే, కర్బనం 0.2 శాతమే ఉన్న ఇసుక నేలలో ఈ అంకె 2, 0.5 శాతమున్న గరువు నేలలో 3.5, 1 శాతమున్న నేలలో 6 అవుతుంది. అంటే నీరు రెండు మీటర్లు కిందికి దిగే కాలంలో మందు ఇసుక నేలలో మీటరు, గరువు నేలలో సుమారు 57 సెంటీమీటర్లు, మూడో నేలలో 33 సెంటీమీటర్లు దిగుతుంది. ఈ తేడాకు చాలా విలువ ఉంది. మందును విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవులు పైపొరలోనే అధికం; ఆ పొరలో మందు ఎన్ని ఎక్కువ రోజులు ఆగితే అంత నశిస్తుంది, త్వరగా లోతుకు దిగిన మందు చల్లని, జీవం తక్కువైన పొరల్లో చిరకాలం నిలుస్తుంది.

మట్టి పట్టునూ, మందు సగానికి తగ్గడానికి పట్టే రోజులనూ కలిపి చూసే సూచికను డి.ఐ.గస్టాఫ్సన్ 1989లో ప్రతిపాదించారు. ఆ సూచిక 2.8 దాటిన మందులు భూగర్భజలానికి దిగే స్వభావం గలవి, 1.8 లోపు ఉన్నవి దిగనివి, మధ్యలోనివి సందేహాస్పదమైనవి. సేంద్రియ కర్బన గుణకం 100, సగానికి తగ్గే కాలం 60 రోజులు అని తీసుకుంటే అట్రజిన్‌కు ఈ సూచిక 3.5 దాటుతుంది. భూగర్భజలంలో దీని అవశేషాల మీద ఆందోళనతోనే ఐరోపా సమాఖ్య 2004లో దీనికి అనుమతి నిరాకరించింది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో అట్రజిన్ లీటరుకు 2 మైక్రోగ్రాములు మించరాదని నిర్దేశించింది.

సూత్రానికి లొంగని రసాయనాలు

కర్బనాన్ని బట్టి లెక్క వేసే సూత్రం అన్ని మందులకూ వర్తించదు, ఎర్ర నేలల విషయంలో ఈ మినహాయింపులు మరింత ముఖ్యం. పారాక్వాట్ ధనావేశం గల పదార్థం కనుక బంకమన్నును దాదాపు విడదీయలేనంతగా పట్టుకుంటుంది. 2,4-డి ఆమ్లం నీటిలో రుణావేశం పొందుతుంది కనుక, అదే ఆవేశం గల బంకమన్ను దాన్ని దూరం పెడుతుంది. అది త్వరగా నశించడం మాత్రమే భూగర్భజలానికి రక్ష. తోటల్లో కలుపుకు వాడిన గ్లైఫోసేట్ నీటిలో బాగా కరిగే పదార్థమే అయినా మట్టిలో గట్టిగా నిలుస్తుంది. దానిలోని ఫాస్ఫరస్ భాగం, ఎర్ర మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లతో బంధం ఏర్పరచుకోవడమే దీనికి కారణం. ఫాస్ఫేటు ఎరువు కూడా అవే చోట్ల కోసం పోటీ పడుతుంది. ఏళ్ల తరబడి అవసరానికి మించి డీఏపీ, సూపర్ ఫాస్ఫేటు వేసిన నేలలో ఆ చోట్లు ముందే నిండిపోయి, గ్లైఫోసేట్‌కు దొరికే పట్టు తగ్గే అవకాశం ఉంది. ఒక ఎరువు వాడకం వేరొక మందు గమనాన్ని మార్చగలదన్న సంగతి, నేలను మొత్తంగా చూడవలసిన అవసరాన్ని గుర్తు చేస్తుంది.

శ్రీలంకలో మూత్రపిండాల వ్యాధికి, గ్లైఫోసేట్ కఠిన జలంలోని లోహాలతో కలవడం కారణం కావచ్చని 2014లో కొందరు పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. ఆ దేశం 2015లో ఈ మందును నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలింపు ఇచ్చింది. ప్రతిపాదన ఇంకా రుజువు కాలేదు. అయినా లోహాలతో బంధం ఏర్పరచుకునే ఏ గుణం వల్ల గ్లైఫోసేట్ మట్టిలో నిలుస్తుందో, ఆ గుణమే ఈ చర్చకు మూలం కావడం గమనించదగినది. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో, శిక్షణ పొందిన చీడ నివారణ నిర్వాహకుల ద్వారా తప్ప గ్లైఫోసేట్‌ను ఎవరూ వాడరాదని ఆంక్ష విధించింది.

పట్టు గట్టిదైతే చాలదు

మట్టిని గట్టిగా పట్టుకున్న మందు బావికి చేరదు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. పట్టుకున్న మందు నశించలేదు, ఆగింది. వాలు భూముల్లో వాన కోతకు కొట్టుకుపోయే ప్రతి రేణువూ తనకు అంటిన మందును వెంట తీసుకుపోతుంది. వరదలో ఎర్రబారి పారే గెడ్డలు, నదులు ఆ మట్టిని చెరువుల అడుగుకూ, నదీముఖాల బురదకూ చేరుస్తాయి. అక్కడ పురుగులు, నత్తలు, చేపలు దాన్ని తింటాయి. మట్టిలో దీర్ఘకాలం నిలిచి, జీవుల కొవ్వులో పేరుకుపోయే గుణం వల్లనే డీడీటీ, ఎండోసల్ఫాన్ వంటివి స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం జాబితాకెక్కాయి. ఎండోసల్ఫాన్ ఉత్పత్తిని, అమ్మకాన్ని మన సుప్రీంకోర్టు 2011 మేలో నిలిపివేసింది.

పట్టు తక్కువైనంత మాత్రాన మందు హానికరమే అవుతుందని కూడా చెప్పలేం. మోనోక్రోటోఫాస్‌ను మట్టి దాదాపు పట్టుకోదు, కాని అది మట్టిలో సాధారణంగా కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లో విచ్ఛిన్నమవుతుంది. ఆ రోజుల్లోనే పెద్ద వాన కురిస్తే మాత్రం కథ మారుతుంది. పైగా సీసాలో కుదిపిన మట్టికీ పొలంలో ఉన్న మట్టికీ తేడా ఉంది. పొలంలో కుళ్లిన వేళ్లు, చెదపుట్టలు, వానపాములు చేసిన రంధ్రాలు, ఎండకు విచ్చిన బీటలు ఉంటాయి. వాటి గుండా దూసుకుపోయే నీటికి మట్టి రేణువును తాకి నిలిచే వ్యవధి ఉండదు. అందుకే సీసా పరీక్ష తర్వాత మట్టి నింపిన గొట్టాల్లో నీరు వదిలి చూసే పరీక్ష, ఆపైన పొలంలోనే వేర్వేరు లోతుల్లో మట్టిని, చుట్టుపక్కల బావుల్లో నీటిని ఏడాది పొడవునా విశ్లేషించే పరీక్ష అవసరమవుతాయి. సీసాలో వచ్చిన అంకె చివరి తీర్పు కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే మొదటి సూచన.

ఇక్కడ చేయవలసిన పని

1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఒక మందుకు అనుమతి కోరే సంస్థ, అది మట్టిలో ఎంత నిలుస్తుందో, ఎంత కిందికి దిగుతుందో తెలిపే సమాచారాన్ని సమర్పించాలి. అయితే కొద్ది నమూనా మట్టి రకాల మీద తీసిన ఆ అంకెలు కవిటి ఇసుక నేలనో, గజపతినగరం గరువునో ప్రతిబింబిస్తాయన్న హామీ లేదు. ఈ లోటును పూరించగల సంస్థలు ఇక్కడే ఉన్నాయి. నైరా వ్యవసాయ కళాశాల, రాగోలు, ఆమదాలవలస, విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానాలు, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి, ఈ ప్రాంతంలోని ప్రధాన నేల రకాల నమూనాలను ఎంచుకుని, ఇక్కడి పంటల్లో ఎక్కువగా వాడే మందులకు పంపిణీ గుణకాలు కొలిచి, వాటిని రైతుకు అర్థమయ్యే పటాల రూపంలో ప్రచురించడం సాధ్యమైన పని. ఉద్దానంలో వైద్యులు సేకరించే బావినీటి వివరాల పక్కన ఆ పటాన్ని ఉంచితే, ఏ మందును ఏ బావిలో వెతకాలో తెలుస్తుంది, అనవసరమైన భయాలు తొలగుతాయి, అవసరమైన భయాలకు ఆధారం దొరుకుతుంది.

రైతు ఆ పరిశోధన వచ్చేదాకా ఆగనక్కరలేదు. 2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార పరీక్షా పత్రాల పథకం కింద ఇచ్చే కార్డులోని 12 అంశాల్లో సేంద్రియ కర్బనం ఒకటి. అది 0.5 శాతం కంటే తక్కువుంటే నేల కర్బనం తక్కువైనదని, 0.75 దాటితే ఎక్కువైనదని లెక్క. ఎరువుల మోతాదు కోసం మాత్రమే చూసే ఆ అంకె, నేల మందును ఎంత ఆపగలదో కూడా చెబుతున్నదని ఇకనైనా గుర్తించాలి. కర్బనం తక్కువని తేలిన ఇసుక నేలలో, నీటికి దిగే స్వభావమున్న మందులను వీలైనంత మానాలి, తప్పనప్పుడు తేలిక నేలకు చెప్పిన మోతాదు దాటకూడదు, పెద్ద వాన సూచన ఉన్న రోజు పిచికారీ వాయిదా వేయాలి. పశువుల ఎరువు, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట, తోటల్లో రాలిన ఆకు కప్పడం కర్బనాన్ని పెంచుతాయి. వేసవిలో చెరువు పూడిక మట్టిని గరువుకు తోలడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. బంకమన్నునూ సేంద్రియ పదార్థాన్నీ కలిపి ఇచ్చే ఆ మట్టి, పంటకు బలంతో పాటు బావికి కాపలా కూడా. అయితే ఏళ్ల తరబడి మందులు చేరిన చెరువుల పూడికను తోలే ముందు పరీక్ష చేయించడం మంచిది.

ఏ రసాయనమైనా సురక్షితమా, కాదా అన్న ప్రశ్నకు దాని పేరు ఒక్కటే చూసి జవాబు చెప్పడం కుదరదు. అది పడే నేల పేరు కూడా చెబితేనే ప్రశ్న పూర్తవుతుంది. వేరే దేశపు నల్ల మట్టిలో కొలిచిన పట్టు ఉద్దానం ఇసుక నేలకు భరోసా ఇవ్వలేదు. తమ నేలలో, తమ మందులకు, తమ విశ్వవిద్యాలయాల్లో ఈ కొలతలు తీయించాలని శ్రీకాకుళం, విజయనగరం ప్రజలు, వారి ప్రతినిధులు, శాస్త్రజ్ఞులు పట్టుబట్టాలి. పరీక్షకు అయ్యే ఖర్చు ఒక కుటుంబం రక్తశుద్ధి (డయాలసిస్) కోసం ఏళ్ల తరబడి మోసే భారంతో పోలిస్తే చాలా చిన్నది, ఆ పరీక్షలను ఇప్పుడే మొదలుపెట్టడానికి శాస్త్రపరమైన అడ్డంకి ఏదీ లేదు.